టాలివరమ్మ ఆడిన అబద్ధం

ఓథా బివెన్స్ సంగతి చెప్పమంటే మా ఊరు హార్మనీ స్ప్రింగ్‌లో ఎవరైనా ముందు నవ్వి, తర్వాతే మొదలుపెడతారు. ఆయన స్కూలు బస్సు నడిపేవాడు. పొద్దున్నే బస్సు వచ్చే వేళకి ఏ పిల్లాడైనా వీధిలోకి రాకపోతే హారన్ కొట్టడం ఆయన పద్ధతి కాదు. కిటికీలోంచి తల బయటపెట్టి, ఆ పిల్లాడిని వాళ్లమ్మ ఇంట్లో ఏ ముద్దుపేరుతో పిలుస్తుందో ఆ పేరు మీద అప్పటికప్పుడు పాట కట్టి, వీధి చివరిదాకా వినబడేలా పాడేవాడు. ముద్దుపేర్లు ఆయనకెలా తెలిసేవో మాకు అంతుపట్టేది కాదు. ఒకసారి ఆ పాట పాడించుకున్నవాడు మర్నాటి నుంచి చీకటితోనే లేచి రోడ్డు మీద నిలబడేవాడు.

ఆదివారం వచ్చేసరికి అదే మనిషి నల్ల కోటు, తెల్ల చేతితొడుగులు వేసుకుని మా న్యూ బెతెస్ద బాప్టిస్టు సంఘం గుమ్మంలో నిలబడేవాడు. వచ్చినవాళ్లని తీసుకెళ్లి బెంచీల్లో కూర్చోబెట్టడం ఆయన వంతు. అందులోనూ కొంటెతనమే. ఒకరి మీద ఒకరు అలిగి మాటలు మానేసిన ఆడవాళ్లిద్దరు ఉన్నారంటే, ఎంతో మర్యాదగా వంగి నమస్కారం పెట్టి, ఇద్దరినీ తీసుకెళ్లి ఒకే బెంచీలో ఇరికించేవాడు. మా ఆడవాళ్ల ఆదివారం టోపీలు చిన్నవి కావు. ఒకరి టోపీ ఈక ఇంకొకరి ముక్కులో గుచ్చుకుంటూ ఉంటే, ప్రసంగం సగంలోకి వచ్చేసరికి ఇద్దరికీ నవ్వు ఆగేది కాదు. అలా రాజీ పడినవాళ్లు ఉన్నారు. ఇంకా ఎక్కువ అలిగినవాళ్లూ ఉన్నారు. నేను క్వయర్‌లో, అంటే గుడి పాటల బృందంలో, పాడతాను కాబట్టి వేదిక మీంచి ఈ తమాషా అంతా చూస్తూనే పాడేదాన్ని. పైగా ఓథా వాళ్లది మా పక్కిల్లే.

అలాంటి మనిషికి ఒక ఏడాది, పీచ్ తోటలు పూతకొచ్చే రోజుల్లో, లోపలేదో దీపం తగ్గించినట్టయింది. కారణం ఫలానా అని చెప్పడానికి లేదు. ఉద్యోగం పోలేదు, ఎవరూ చనిపోలేదు, భార్య వెర్డెల్‌తో గొడవ లేదు. ముందు పాటలు తగ్గాయి. తర్వాత ఒక పొద్దున మా వీధిలో బస్సు హారన్ మోగింది. చేతిలో కాఫీ కప్పుతో నేను వరండాలోకి పరిగెత్తాను. ఎదురింటివాళ్లూ వచ్చారు. ఓథా హారన్ కొట్టాడన్న వార్త మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసిపోయింది.

ఇంకొన్నాళ్లకి సెలవు పెట్టేశాడు. పొద్దున మంచం దిగేవాడు కాదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. వెర్డెల్ పెట్టిన పళ్లెం పెట్టినచోటే ఉండేది. ఆదివారం గుడి గుమ్మంలో ఇంకెవరో నిలబడి, ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక, ఎవరి చోట్లో వాళ్లనే కూర్చోబెట్టాడు. ఆరాధన చప్పగా సాగింది.

ఇక చూడండి, ఊళ్లో ఉన్న వైద్యులందరూ బయల్దేరారు. ఒకావిడ ఆముదం సీసా పట్టుకొచ్చింది. ఇంకొకావిడ మంచం పక్కన కుర్చీ లాక్కుని, దాచిపెట్టిన పాపం ఏదైనా ఉంటే ఇప్పుడే ఒప్పుకోమంది. ఒప్పుకుంటే వినడానికి ఆవిడ చెవులు అప్పటికే ఇంతింత చేసుకుని కూర్చుందని వెర్డెల్ నాతో చెప్పింది. సంఘపు పెద్దల్లో ఒకడైన డీకన్ హైటవర్ వచ్చి ఇది సైతాను పనే అని తేల్చేశాడు. సంఘంలో ఆయన గొంతు పెద్దది. ఇంటికి వచ్చాక కూడా దాన్ని తగ్గించలేదు. సైతాన్ని ఆయన గద్దించిన గద్దింపుకి వాళ్ల కుక్క వరండా కిందకి దూరి సాయంత్రం దాకా బయటికి రాలేదు. సైతాను సంగతి తెలియదు గానీ, ఓథా మాత్రం గోడవైపే ఉన్నాడు.

పాస్టరు గారూ వచ్చారు. మంచివాడు, కుర్రవాడు. టోపీ ఒళ్లో పెట్టుకుని, విశ్వాసం ఉంచమని చెప్పి వెళ్లారు. ఆయన వెళ్లాక ఓథా అన్నాడట: “విశ్వాసం ఉంచమంటున్నారు వెర్డెల్. ఎక్కడ ఉంచానో అదే గుర్తు రావట్లేదు.”

అది వేళాకోళమో నిజమో తెలియక వెర్డెల్ నవ్వనూ లేదు, ఏడవనూ లేదు. కానీ ఆ మర్నాడు బట్టలు ఆరేస్తూ కంచె దగ్గరికొచ్చి నిలబడింది. గుప్పెట్లో బట్టల క్లిప్పులు అలాగే ఉన్నాయి. పొద్దున మెలకువ రాకపోతే బాగుండుననిపిస్తోందని ఓథా ఆమెతో అన్నాడట. ఇంట్లో ఉన్న తుపాకీ తీసుకెళ్లి తమ్ముడి ఇంట్లో పెట్టి వచ్చానంది. ఇక నేను ఆలోచించలేదు. ఇద్దరం చేతులు తుడుచుకుని టాలివరమ్మ దగ్గరికి నడిచాం.

సిప్పోరా టాలివర్ మా సంఘానికి పెద్ద తల్లి. ఎనభై దాటిన మనిషి. ఆదివారం తెల్ల గౌనుతో ముందు బెంచీలో కూర్చుంటుంది. పాస్టరు గారి ప్రసంగం దారి తప్పితే చేతికర్రతో నేలమీద ఒక్కసారి కొడుతుంది, ఆయన దారిలోకి వచ్చేస్తారు. ఊరందరికీ టాలివరమ్మే. మేము చెప్పిందంతా ఆవిడ కదలకుండా వింది. నేను తీసుకెళ్లిన కేకు ముక్క కూడా వింటూనే తినేసింది. తర్వాత తీరిగ్గా, “నా కారు చెడిపోయింది,” అంది.

ఇందాకే కదమ్మా మీరు దుకాణం నుంచి కారులో వచ్చింది అన్నాను నేను.

“ఇందాక బాగానే ఉంది. ఇప్పుడు చెడిపోతుంది, చూస్తూ ఉండు.”

బయటికెళ్లి బానెట్ ఎత్తి, ఏదో తీగె ఊడబీకి, లోపలికొచ్చి దాన్ని పిండి డబ్బాలో పెట్టి మూత వేసింది. చేతులు దులుపుకుని, మమ్మల్ని ఇక ఇళ్లకు పొమ్మంది.

మర్నాడు ఆ ముసలావిడ చేతికర్ర ఊతంగా నడుచుకుంటూ, రెండో చేత్తో బుట్ట పట్టుకుని ఓథా ఇంటికి వచ్చింది. ప్రార్థన చేయలేదు. ఎలా ఉన్నావని కూడా అడగలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, బుట్టలోంచి మొక్కజొన్న రొట్టె, వేయించిన కోడి ముక్కలు తీసి తన ఒళ్లో పరుచుకుంది. ఓథా గోడవైపు నుంచే, తనకేమీ తినబుద్ధి కావట్లేదమ్మా అన్నాడు.

“నిన్నెవరు తినమన్నారు? నేను తింటున్నా. నడిచి నడిచి ఆకలేసింది.”

తింటూ తింటూ ఏలీయా కథ ఎత్తుకుంది. అది మాకెవరికీ కొత్త కాదు. ఆకాశం నుంచి నిప్పు రప్పించిన ప్రవక్త, మర్నాటికే అడవిలోకి పారిపోయి, ఒక చెట్టు కింద కూలబడి, చాలు ప్రభువా, నా ప్రాణం తీసేయమన్నాడు. ఆవిడ చెప్పే తీరు మాత్రం వేరు.

“అప్పుడు దేవుడు దూతని పంపాడు. ఆ దూత వచ్చి ఏం చేశాడురా? ప్రసంగం చేశాడా? నీ విశ్వాసం ఏమైందని నిలదీశాడా? వంట చేశాడు. రొట్టె కాల్చి, కుండలో నీళ్లు పెట్టి, లేచి తినమన్నాడు. వాడు తిని మళ్లీ పడుకున్నాడు. పడుకోనిచ్చాడు. తర్వాత మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. పరలోకంలో ఉన్నవాళ్లకి తెలిసిన పాటి మన హైటవర్‌కి తెలియలేదు.”

అని, కుర్చీలోనే తల వాల్చి గురక మొదలుపెట్టింది. నిజం గురకో దొంగ గురకో దేవుడికెరుక. ఒళ్లో రొట్టె అలాగే ఉంది. చాలాసేపటికి ఓథా ఇటు తిరిగి, చెయ్యి చాపి, ఒక తునక తుంచుకున్నాడు. తలుపు సందులోంచి చూస్తున్న వెర్డెల్ నోటికి చీర చెంగులా ఏప్రన్ అడ్డం పెట్టుకుంది. గురక ఆగలేదు. ఆయన ఇంకో తునక తుంచాడు.

అలా కొన్నాళ్లపాటు రోజూ వచ్చింది. రోజూ తనకే ఆకలి వేసేది. రోజూ నిద్ర వచ్చేది. రొట్టె తిన్నాక కొండ దాకా వెళ్లి దేవుడితో మాట్లాడాలి కదమ్మా ఏలీయా అని ఒకరోజు ఓథానే అడిగితే, అది తర్వాతి సంగతి, నువ్వింకా రొట్టె దగ్గరే ఉన్నావు, తిను అందట.

ఒక సోమవారం, కారు చెడిపోయిందనీ, తనకి రేపు మేకన్ పట్నంలో డాక్టరు చూసే రోజనీ, తీసుకెళ్లే దిక్కు లేదనీ ఆవిడ దీనంగా మొహం పెట్టింది. సంఘపు పెద్ద తల్లి అడిగితే కాదనే ధైర్యం మా ఊళ్లో ఎవరికీ లేదు. ఓథాకీ లేదు. మంగళవారం ఆయన గడ్డం గీసుకున్నాడు. కారు బయటికి తీశాడు. ఆవిడ తన పెద్ద టోపీతో ముందు సీట్లో సర్దుకుని కూర్చుంది. ఆ టోపీ వెనక కుడివైపు అద్దం కనబడకపోయినా ఆయన ఏమీ అనలేదు.

దారిలో జరిగిన మాటలు తర్వాత ఓథానే చాలాసార్లు చెప్పాడు. ప్రార్థన రావట్లేదమ్మా, నోరు తెరిస్తే మాట పైకప్పు దాకా వెళ్లి మళ్లీ నా మొహం మీదే పడుతోంది అన్నాడట. నేను దేవుడికి దూరమైపోయానేమో అన్నాడట.

టాలివరమ్మ పొలాల వైపు చూస్తూ, “నీ బస్సులో పిల్లలు నిద్రపోయేవారా?” అంది.

“సగం మంది నిద్రే కదమ్మా.”

“నిద్రపోయినవాణ్ణి దారిలో దింపేసేవాడివా?”

“అలా ఎలా దింపుతాను?”

“మరి? మెలకువగా ఉన్నవాడూ బడికి చేరాడు, నిద్రపోయినవాడూ చేరాడు. నడిపేవాడు నడుపుతున్నాడు కదా. ఇన్నేళ్లూ నువ్వే నడుపుతున్నాననుకున్నావు, అదీ నీ బాధ. కాస్త సీట్లో కూర్చో. ప్రార్థన చేయడానికి మేమంతా లేమూ? నీ ఒక్కడి నోరు మూతపడితే సంఘం మూతపడదులే.”

ఆయన మేకన్ దాకా కారు నడిపాడు, అంతే. కానీ ఆ మాట తనలో ఎక్కడో కూర్చుండిపోయిందని తర్వాత అనేవాడు.

ఆసుపత్రిలో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. టాలివరమ్మ సంచిలోంచి పిప్పరమెంటు తీసి చప్పరిస్తోంది. నర్సు తలుపు తీసి, “ఓథా బివెన్స్,” అని పిలిచింది. ఓథా నర్సుని చూశాడు. తర్వాత టాలివరమ్మని చూశాడు. ఆవిడ పైన తిరుగుతున్న ఫ్యానుని అదేదో వింత అన్నట్టు చూస్తోంది.

“అమ్మా, మీరు అబద్ధం ఆడారు.”

“ఆడాను. పొద్దున్నే దేవుడితో ఆ సంగతి మాట్లాడుకున్నాను. అది మా ఇద్దరి మధ్య సంగతి. నువ్వు లోపలికి పో.”

విశ్వాసం ఉన్నవాడికి ఈ మందులెందుకని సంఘంలో అడుగుతారని ఆయన గొణిగాడు. ఆవిడ కళ్లజోడు తీసి ఆయన ముక్కు దగ్గర ఆడించింది. “ఇది పెట్టుకునే కదరా నేను బైబిలు చదివేది? విశ్వాసం తక్కువై పెట్టుకున్నానా? ఇది లేకపోతే యోహాను ఎవరో యోనా ఎవరో నాకు తెలియదు. నడువు.”

లోపల ఒక డాక్టరమ్మ ఉంది. ఆముదం ఇవ్వలేదు, పాపం ఒప్పుకోమనలేదు. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని సూటిగా అడిగింది. అంతవరకూ ఆయన్ని ఆ మాట అలా అడిగినవాళ్లు లేరు. అనిపించిందని ఆయన పైకే చెప్పాడు. ఆ మాటకి గది పైకప్పు కూలిపోతుందేమో అనుకున్నాడట. ఏమీ కూలలేదు. ఇది జబ్బే, దీనికి మందు ఉంది, పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, ఈలోగా వచ్చి మాట్లాడుతూ ఉండాలి అని ఆవిడ చెప్పింది. బయటికొచ్చేసరికి టాలివరమ్మ గదిలో ఉన్న రోగులందరికీ పిప్పరమెంట్లు పంచేసి, అందరి జబ్బులూ తెలుసుకుని కూర్చుంది.

మందు రాత్రికి రాత్రి పనిచేయలేదు. లేచిన రోజు లేచాడు, లేవని రోజు లేవలేదు. వెర్డెల్‌కి మొదటి ఆశ మాత్రం ఒక సాయంత్రం భోజనం దగ్గర కనబడింది. బీన్స్ నోట్లో పెట్టుకుని ఓథా మొహం చిట్లించి, వీటిలో ఉప్పు వేశావా, ఉప్పు డబ్బాకి చూపించి తీసుకొచ్చావా అన్నాడు. మామూలు రోజుల్లో అయితే ఆ మాటకి ఆమె పళ్లెం తీసేసి ఉండేది. ఆ పూట ఏమీ అనకుండా వంటింట్లోకెళ్లి, తలుపు వేసుకుని, దేవుడికి స్తోత్రం చెప్పుకుని ఏడ్చింది. మర్నాడు కంచె దగ్గర నాతో, “నా వంటకి వంక పెట్టాడే!” అని మురిసిపోయింది.

తర్వాతి ఆదివారం ఓథా గుడికి వచ్చాడు. చేతితొడుగులు లేవు. చివరి బెంచీలో, తలుపు పక్కన కూర్చున్నాడు. అందరూ లేచి పాడితే లేవలేదు. అందరూ చేతులెత్తితే ఎత్తలేదు. టాలివరమ్మ వెనక్కి తిరిగి, ఆయన దగ్గరికి పోబోయిన హైటవర్ వైపు ఒక చూపు చూసింది. హైటవర్ ఉన్నచోటే కూర్చుండిపోయాడు. నేను వేదిక మీంచి పాడుతూ ఓథానే చూస్తున్నాను. కళ్లు మూసుకుని, వర్షం చప్పుడు వింటున్నవాడిలా కూర్చున్నాడు.

ఆ పూట మీకేమనిపించిందని చాలాకాలం తర్వాత అడిగాను. “నాకు నమ్మకం కలగలేదమ్మాయ్. కానీ మీరంతా నమ్ముతున్నారని మాత్రం నమ్మకం కలిగింది. ఆ పూటకి అది సరిపోయింది,” అన్నాడు.

అలా కొన్ని ఆదివారాలు మా నమ్మకం మీదే బతికాడు. మొదట తన నోట వచ్చిన ప్రార్థన కూడా మర్యాదైనదేం కాదు. ఇదేం బాగాలేదు ప్రభువా అన్నాడట, అంతే. అన్నాక భయపడ్డాడు. తర్వాత గుర్తొచ్చిందట, సిలువ మీద యేసు ప్రభువు కూడా నన్నెందుకు విడిచిపెట్టావని తండ్రిని అడిగాడని. ఆయనే అడిగాక నేనడిగితే తప్పేంటి అనుకున్నాడు. ఇన్నాళ్లూ తను పడుకున్న ఆ చీకట్లో తను ఒక్కడే ఉన్నాననుకున్నాడు. అక్కడికి ప్రభువు ముందే వచ్చి ఉన్నాడన్న సంగతి అప్పుడు తట్టింది. పాటలేవీ వినబడలేదు, వెలుగేదీ కనబడలేదు. మంచం మీద లేచి కూర్చుని బూట్లు వేసుకున్నాడు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఓథా వేళాకోళం ఆడడు.

వేసవి ముగిసే రోజుల్లో ఒక బుధవారం, దేవుడు చేసిన మేళ్లు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల కూడిక జరిగింది. కాలు నొప్పి తగ్గినవాళ్లూ, మనవడికి ఉద్యోగం వచ్చినవాళ్లూ లేచి చెప్పారు. ఆ తర్వాత ఓథా లేచాడు. తనకి బతకాలని లేకపోయిందని చెప్పాడు. మాత్రలు వేసుకుంటున్నానని చెప్పాడు. డాక్టరు దగ్గరికి ఇంకా వెళుతున్నాననీ, ప్రభువు తనని వదల్లేదని ఇప్పుడు తెలుసుననీ, ఈ రెండూ ఒకే నోటితో చెప్పడానికి తనకి సిగ్గు లేదనీ అన్నాడు. చేతుల్లో ఊగుతున్న విసనకర్రలన్నీ ఆగిపోయాయి. 

అప్పుడు డీకన్ హైటవర్ లేచాడు. సైతాన్ని మళ్లీ పిలుస్తాడేమో అని భయపడ్డాం. ఆయన ఓథా పక్కకి నడిచి వెళ్లి, చెవిలో రహస్యంగా అడగబోయాడు. కానీ ఆ గొంతుకి రహస్యం చాతకాదు కదా, క్వయర్ దాకా వినబడింది:

“ఆ డాక్టరమ్మ మంగళవారమే చూస్తుందా? నేను మా ఆవిడ పోయిన కాడి నుంచీ ఆ గదిలో పడుకోలేకపోతున్నా. కుర్చీలోనే కూర్చుని తెల్లారేదాకా చూస్తున్నా.”

ఎవరూ నవ్వలేదు. ఓథా ఆయన భుజం మీద చెయ్యి వేసి, తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. వెనకాల ఇంకెవరో ముక్కు చీదారు. అప్పుడు టాలివరమ్మ కర్రతో నేలమీద కొట్టి, తను కూడా ఒక పాపం ఒప్పుకోవాలంది. తన కారు ఎప్పుడూ చెడిపోలేదనీ, అందులోది తీసి పిండి డబ్బాలో దాచాననీ చెప్పింది. పాస్టరు గారు మెల్లగా, దానికి పశ్చాత్తాపపడుతున్నారా అమ్మా అని అడిగారు.

“లేదు బాబూ. ఆ తీగె తీయడానికి పిండంతా జల్లించాల్సి వచ్చింది, దానికైతే పడుతున్నా.”

పాస్టరు గారు రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, ముగింపు ప్రార్థన ఇంకెవరినైనా చేయమన్నారు.

ఆ తర్వాత ఓథా మళ్లీ బస్సెక్కాడు, చేతితొడుగులూ వేసుకున్నాడు. చీకటి పూర్తిగా పోయిందని మాత్రం నేను చెప్పను. ఒకటి రెండు శీతాకాలాల్లో మళ్లీ వచ్చింది. కానీ ఇప్పుడు అది గుమ్మం దాటకముందే ఆయన వెర్డెల్‌తో చెప్పేవాడు, డాక్టరమ్మకి ఫోన్ చేసేవాడు, చివరి బెంచీలో కూర్చుని, ఈ వారం నా వంతు కూడా మీరే పాడండి అని నాకు సైగ చేసేవాడు. సెలవుల్లో మంగళవారాలు సంఘపు వ్యానులో మేకన్‌కి మనుషుల్ని తీసుకెళ్లేవాడు. ఆ వ్యానులో ప్రసంగాలు చేయకూడదని నియమం పెట్టాడు. డీకన్ హైటవర్‌ని కిటికీ పక్కన కూర్చోబెట్టి, చేతికి కోడి ముక్క ఇచ్చి నియమం పాటింపజేసేవాడు.

పోయిన ఈస్టరుకి సమాధుల పక్కనున్న మైదానంలో సూర్యోదయ ఆరాధన పెట్టుకున్నాం. దుప్పట్లు కప్పుకుని, తూర్పుకి తిరిగి, వణుకుతూ నిలబడ్డాం. మబ్బు పట్టేసింది. సూర్యుడు ఎంతకీ రాలేదు. క్వయర్ పాడిన పాటే మళ్లీ పాడింది. పాస్టరు గారు చిన్నబోయి, ఈ ఏడాది సూర్యోదయం చూసే భాగ్యం లేకపోయిందని అందరికీ క్షమాపణ చెప్పబోయారు.

“అయ్యో, అది ఎప్పుడో అయిపోయింది పాస్టరు గారూ,” అన్నాడు ఓథా వెనక నుంచి. “మనకి కనబడలేదంతే. వెలుగు లేకుండానే ఇంతసేపూ ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నామా?”

అందరం చుట్టూ చూశాం. నిజమే, తెల్లారిపోయి ఉంది. ఆయన అప్పటికే చేతులు రుద్దుకుంటూ, ఆరాధన అయ్యాక తినడానికి తెచ్చిన వేయించిన చేపలు ఏ కారులో ఉన్నాయో వాసన పట్టే పనిలో పడ్డాడు.